అరికాలి దారి

మంగళవారం పొద్దున్నే హాల్లో కుర్చీలన్నీ గోడకు జరిపేవారు. దేశం విడిచి వచ్చినవాళ్ల కోసం పెట్టిన వ్యాయామం క్లాసు అది. మొదటిరోజు టీచరమ్మ "చేతులు పైకెత్తండి" అనగానే అందరూ గిరుక్కున తిరిగి గోడకేసి మొహం పెట్టి, బిగుసుకుపోయి నిలబడ్డారు. అప్పటినుంచి పాపం ఆవిడ "అటక మీద డబ్బా అందుకోండి" అంటోంది.

దర్జీ అక్కది వెనక వరుస. గెంతినప్పుడల్లా ఆవిడ అరికాళ్లలోంచి నడిచొచ్చిన దారి రాలేది. ఎర్రమట్టి, గులకరాళ్లు, ఒక్కోసారి ముళ్లు. క్లాసయ్యాక చీపురు పట్టుకుని తనే ఊడ్చుకునేది.

"ఈవేళ తక్కువే రాలిందే! నిద్ర పట్టిందా?" అంది పక్కనున్నావిడ.

"పట్టింది వదినా. మోకాళ్లు కూడా మాట వింటున్నాయి."

ఆ నిద్రే కొంప ముంచింది. ఆశ్రయం ఇచ్చే ఆఫీసులో అధికారి ఆవిణ్ణి పిలిపించి, క్లాసు ఫోటో ఒకటి బల్లమీద పడేశాడు.

"గెంతుతున్నది మీరేగా? పైగా నవ్వుతున్నారు. కొండలు దాటి నడిచొచ్చిన మనిషి ఇలా ఉంటుందా? మీకేం, గుండ్రాయిలా ఉన్నారు. వెనక్కి పంపించేస్తాం."

వెనక్కంటే, ఆవిడ మొగుణ్ణి గుమ్మంలోనే కాల్చేసినవాళ్ల దగ్గరికి.

దర్జీ అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోలుకోమని క్లాసు పెట్టేదీ వీళ్లే, కోలుకుంటే పొమ్మనేదీ వీళ్లే! బతికినన్నాళ్లూ ఏడుస్తూ కనబడాలి కాబోలు వీళ్లకి. లేచి, మోకాళ్లు పైకెత్తి, ఉన్నచోటే కవాతు మొదలుపెట్టింది.

"ఏమిటిది? కూర్చోండి!"

"నడిచానో లేదో చూడండి."

మట్టి రాలింది. వెనకే ఇసుక, కంకర, ఏటి బురద. సొరుగులు నిండాయి, ప్రింటరు మునిగింది, తలుపు సగం పూడిపోయింది. ఆ మట్టితోపాటు ఓ పసిపిల్ల చెప్పు రాలిపడ్డప్పుడు మాత్రం ఆవిడ కాలు గాల్లోనే ఆగింది. వంగి దాన్ని తీసి గుండెకు అదుముకుని, ఇంకా గట్టిగా తొక్కింది.

నడుందాకా కంకరలో కూరుకుపోయిన అధికారి "చాలు తల్లీ, చాలు! నడిచారు, ఒప్పుకుంటున్నాను!" అని అరిచాడు. ఇసుకలో ముద్ర వెతుక్కుని, దులిపి, ఇక్కడే ఉండొచ్చని కాగితం మీద కొట్టాడు.

ఆవిడ కాగితం, చెప్పు సంచిలో పెట్టుకుంది.

"మరి ఇదంతా ఎవరు ఎత్తిపోస్తారు?" అన్నాడతను.

దర్జీ అక్క మూలనున్న చీపురు తెచ్చి అతని చేతికిచ్చింది.

"ఇన్నాళ్లూ నేనే ఊడ్చుకున్నాను. ఇవాళ నువ్వు ఊడ్చు."