చెయ్యెత్తేదాకా

“పులుసులో ఉప్పు తగ్గింది,” అన్నాడు ధనరాజు. తన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో అంపైర్‌గా నిలబడటానికి శుక్రవారం కొలంబో వెళ్తున్నానని భార్య చెప్తే, దానికి అతని జవాబు అది. ప్రమోద ఉప్పు తెచ్చి వేసింది. నిన్నా ఇదే మాట చెప్పింది. “అరే యార్, ఆదివారం చిన్నమ్మి గృహప్రవేశం. వాళ్ళకి ఇంకో అంపైర్ దొరుకుతాది. మా చెల్లికి ఇంకో వదిన దొరుకుద్దా?” అని నవ్వేశాడు.

వదిన అంటే చౌల్దారీలో ఆడపడుచు కొత్తింటికొచ్చే చుట్టాలందరికీ వంట. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనరు. ప్రమోద స్కూల్లో ఆటల టీచరుగా చేరినప్పటి నుంచీ తెల్లారకముందే వంట ముగించి గ్రౌండుకి పరిగెత్తింది. ఎసరు మరుగుతుంటే క్రికెట్ రూల్సు బట్టీపట్టింది. అంపైర్ పరీక్ష రాయడానికి దీవి దాటి మెయిన్‌లాండ్‌కి ఓడలో వాంతులు చేసుకుంటూ వెళ్ళింది. “ఎండలో నిలబడ్డానికి కూడా చదువా?” అన్నాడు అప్పుడు ధనరాజు. గ్రౌండులో బౌలర్లు టోపీలు, కళ్ళజోళ్ళు ఆమె చేతికిచ్చి, ఓవరు కాగానే థాంక్యూ అని తీసుకుపోతారు. ఇంట్లో ఆమె చేతికిచ్చింది మళ్ళీ తీసుకున్నవాళ్ళు లేరు.

గ్రౌండులో ఒక నియమం ఆమెకి ప్రాణం. అంపైర్ సైగ చేశాక, చూశానని స్కోరర్ చెయ్యెత్తేదాకా ఆట కదలకూడదు. ఓసారి స్కోరర్ కబుర్లలో పడితే ప్రమోద చెయ్యి దించకుండా అలాగే నిలబడింది. క్యారియర్ పట్టుకొచ్చిన అత్త తవిటమ్మ అది చూసి ముక్కున వేలేసుకుంది. “ఓలమ్మో, ఆడు సూడనేదని అందర్నీ ఆపీసినావేటే!” అని ఇంటిదాకా నవ్వుతూనే వచ్చింది.

ఇప్పుడు ధనరాజు కంచం ముందుకు జరిపాడు. ప్రమోద అన్నం గరిటె గిన్నెలోనే వదిలేసి లేచి నిలబడింది.

“శుక్రవారం నేను వెళ్తన్నాను,” అని చెయ్యి పైకెత్తింది.

“క్యా హువా? అన్నం ఎయ్.”

ఆమె కదల్లేదు. ఈసారి దించేస్తే ఇంకెప్పుడూ ఎత్తలేనేమోనని నిజంగానే భయం వేసింది.

గోడవారన తింటున్న తవిటమ్మ తలెత్తి కోడలిని చూసింది. పులుసంటిన చెయ్యి అలాగే పైకెత్తింది.

“సూసినానమ్మా. ఎల్లిరా.” తర్వాత కొడుకు వైపు తిరిగింది. “నువ్వూ ఎత్తరా. ఎత్తీదాకా దించదది, నాను గ్రౌండులో సూసినాను. చిన్నమ్మింట వంటకి మనుసుల్ని పెట్టు.”

ధనరాజు తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి ఎడమ చెయ్యి భుజం దాకా లేచింది. అది చాలు. ప్రమోదకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చెయ్యి దించింది. అన్నం గిన్నె అతని ముందుకు జరిపి, తన కంచం తెచ్చుకుని అత్త పక్కన కూర్చుంది.

“ముందు అత్తమ్మకి వడ్డించండి,” అంది. “తర్వాత నాకు.”