కన్ను బొమ్మ పక్కన ఒకటి

మొగులు తేటపడుతదో మళ్ల మూసుకుంటదో పొద్దుగాల దానికే తెల్వనట్టుండె, కోమటిచెరువు దిక్కు గొంగడికి చిల్లు పడ్డట్టు ఇంత సందు ఇచ్చింది, చూస్తుండంగనే కమ్ముకున్నది, నాలుగు రోజుల సంది గిదే వాన, గిసొంటి పొద్దు చెట్టు నున్నగ జారుతది, ఎక్కొద్దు, అనుకున్నడు దేవరాజు, అనుకొని తనల తనే నవ్వుకున్నడు, ఇంక ఎక్కెటోడు ఎవడు, తాటిచెట్టు మీదికెల్లి పడి పది నెలలాయె, నడుముకు పట్టా, ఎడమ కాలు చెప్పిన మాట ఇనదు, ఊరు ఇడిచి సిద్దిపేటల దవాఖానకు దగ్గర్ల ఈ రెండర్రల రేకుల ఇల్లు కిరాయికి తీసుకున్నరు, ఎక్కుడంతా ఇగ టీవీలనే, చేతిల రిమోటుకు ఎడమ మీట నొక్కితే టీవీల మనిషి ఎడమ చెయ్యి మంచుగుట్ట రాయిని పట్టుకుంటది, కుడి మీట నొక్కితే కుడి చెయ్యి, రెండూ ఇడిస్తే పడ్తడు, పడ్డా ఏం గాదు వానికి, లేస్తడు, ఒళ్లు దులుపుకుంటడు, మళ్ల ఎక్కుతడు, ఎట్ల పడ్డవురా అని వాన్ని ఎవ్వలు అడగరు.

ఈ గేమ్ డబ్బా వందనది, అక్క కనకవ్వ బిడ్డ, హైదరాబాద్‌ల కొలువు చేస్తది, కొత్తది కొనుక్కున్నంక పాతది తెచ్చి ఈ టీవీకి తగిలిచ్చింది, మామా, గోడ దిక్కు చూసుకుంట పంటే పిచ్చి లేస్తది, ఆడు, ఆడుకుంట నలుగురికి చూపియ్యి, గీ చిన్న మీట ఒత్తినవనుకో, నీ ఆట లైవ్‌ల పోతది, నువ్వు మాట్లాడేది గూడ పోతది అన్నది, చానల్‌కు పేరేం పెడదామంటే ఆయన నోట్లెకెల్లి వచ్చిన మాట మోకు, చెట్టెక్కంగ నడుముకు చుట్టుకునే తాడు, వందన ఒక్క తీరుగ చూసింది, చూసి గదే పెట్టింది, ఇగో మామా, ఒక్కటి యాది పెట్టుకో, ఎవ్వలు లేకున్న మాట్లాడుతనే ఉండాలె, చూసెటోడు వచ్చేసరికి నువ్వు సప్పుడు చెయ్యకుంటే దుకాణం బందున్నదనుకొని మర్రిపోతడు, ముందటర్రల బీడీలు చేసుకుంట కూసున్న శైలజ, ఆయన పెండ్లాము, చాటకెల్లి తల ఎత్తకుంటనే, మీ మామతోని మాట్లాడిపిచ్చినవంటే నీకు గుడి గట్టాలె బిడ్డా అన్నది, వందన నవ్వింది, దేవరాజు నవ్విండు, శైలజ నవ్వలే, మళ్ల కత్తెర తీసుకొని తునికాకు కత్తిరిచ్చుకుంట పోయింది, కిర్రు కిర్రు కిర్రు.

మొదటి దినం టీవీ మూలకు కన్ను బొమ్మ పక్కన ఒకటి అని పడ్డది, ఒక్కలు చూస్తున్నరట, దేవరాజు లేసి ఇస్త్రీ అంగి తొడుక్కున్నడు, తల తడుపుకొని దువ్వుకున్నడు, టీవీల తన మొఖం కనవడదని తెల్సి గూడ దువ్వుకున్నడు, నమస్తే అన్నా అన్నడు, తర్వాత ఏమనాల్నో తెల్వక పావుగంట సేపు రాళ్ల పేర్లు చెప్పిండు, గిది నల్ల రాయి, గిది మంచు రాయి, ఆ ఒకటి పోలే, రెండోనాడు గూడ ఉన్నది, మూడోనాడు వందన ఫోన్ చేసి, మామా, టీవీల పెట్టుకుంట నీ ఫోన్ల గూడ తెరిచి పెట్టుకున్నవా ఏంది అన్నది, అవ్, పోతుందో లేదో చూస్తున్న, ఫోన్ల నా మాట ఇరవై సెకన్లు ఆలస్యంగ వస్తుంది, ఖరాబైందా ఏంది, ఖరాబు గాదు మామా, అందరికి గట్లనే లేటుగ పోతది, గని ఆ ఒకటి నువ్వే, నిన్ను నువ్వే చూసుకుంటున్నవు, అని పడీపడీ నవ్వింది, అద్దం ముందట పెండ్లిసూపులకు కూసున్నట్టాయె నా బతుకు అనుకున్నడు, ఫోన్ బందు చేసిండు, కన్ను పక్కన సున్న పడ్డది, గుండ్రంగ, బొంద లెక్క.

వందన లింకును చుట్టాల గ్రూపుల పెట్టింది, అందరు బొటనవేలు బొమ్మ పెట్టిన్రు, బొమ్మ పెట్టుడు ఎంతసేపు, చూసినోడు ఎవడు, శైలజ ఆ బొమ్మ గూడ పెట్టలే, అద్దం పలిగిన ఆమె ఫోన్ ఎప్పుడు చాట పక్కన బోర్ల పడి ఉంటది, గురుకులంల చదివే బిడ్డ సాహితి ఆదివారం చేస్తే ఎత్తుతది, గంతే, దవాఖానకెల్లి వచ్చినకాడి సంది ఆమెకు ఈయనకు మాటలు గోలీల కాడ, ఏడినీళ్ల కాడ, మధ్యాన్నం అయ్యేసరికి స్టూలు మీద పళ్లెం పెడ్తది, మీద ఇంకో పళ్లెం బోర్లిస్తది, పోతది, తను ముందటర్రల తింటది, తిన్నదో లేదో కత్తెర సప్పుడు ఆగుడును బట్టి లెక్క.

అయిదోనాడు మళ్ల ఒకటి పడ్డది, దేవరాజు తన ఫోన్ చూసుకున్నడు, బందే ఉన్నది, తిప్పి మర్రేసి చూసిండు, బందే, మరి ఇదెవలు, నమస్తే అన్నా, మీది ఏ ఊరు, చేర్యాలా, కొండపాకనా, దుబాయా, జవాబు లేదు, రాసుడు లేదు, గని పోవుడు గూడ లేదు, రోజు పదిగొట్టంగ ఈయన మొదలువెడ్తే కొద్దిసేపటికి ఒకటి వస్తది, బందు వెట్టెదాక ఉంటది, తన లెక్కనే కాలు ఇరిగి పడి ఉన్నోడేమో, లారీల పండుకున్న డ్రైవరేమో, మూగోడేమో పాపం, మూగోన్ని మూగోడే పట్టుకున్నడు అనుకొని ఆనికి చెప్పుడు మొదలువెట్టిండు, చెట్టు మీద పొద్దు కిందికన్న ముందుగాల పొడుస్తది అన్నా, లొట్టిల కల్లు పొంగే సప్పుడు చెవివెట్టి ఇంటే చీమలు ముచ్చట వెట్టినట్టుంటది, మీదికెల్లి చూస్తే ఊరు బీడీల చాట లెక్క వరుసగ పేర్చినట్టు కనవడ్తది, వారం దినాల్ల ఆ మనిషి నలభై ఏండ్ల మాటలు మాట్లాడిండు, నోరు నొచ్చింది, నోరు గూడ నొస్తదని గప్పుడే ఎరుకాయె.

ఇయ్యాల పదకొండోనాడు, రేకుల మీద వాన కంకర పోసినట్టు కొడ్తుంది, చెవులకు హెడ్‌సెట్, టీవీల మనిషి అదే మలుపు కాడ మూడుసార్లు పడ్డడు, మూడోసారి పడంగ దేవరాజుకు తను చెట్టు మీదికెల్లి పడుడు యాదికొచ్చింది, గాలి, ఆకాశం కింద, భూమి మీద, ఆ మొత్తుకోలు, చేతులు రిమోటు మీదనే ఆగినయి, మైకు నోటికి దగ్గర జరుపుకున్నడు, అన్నా, ఒక్క మాట చెప్త, నువ్వు అడగలే, గందుకే చెప్త, దవాఖానల అందరు వచ్చిన్రు, ఎట్ల పడ్డవురా అన్నరు, ఇరవైరెండేండ్లు ఎక్కినోన్ని, నామోషీ అయ్యి నోట్లెకెల్లి వచ్చింది, మా ఆమె కిందికెల్లి పిలిచింది, తల తిప్పిన, జారిన అని, పక్కనే నిలబడ్డది ఆమె, నా మొఖం చూసింది, ఏం అనలే, అక్క అయితే ఆ దినం సంది ఆమెను గడప తొక్కనియ్యలే, మొగన్ని కింద పడేసిందని పెండ్లిళ్ల కాడ గుసగుస, ఆమె ఒక్కనాడు గూడ గట్ల కాదు అనలే, అబద్ధం అన్నా అది, మోకు నలిగింది, మార్చుమని ఆ పొద్దుగాల ఆమెనే చెప్పింది, నీకేం తెలుసు పోవే అని కసిరిన, మోకు పుటుక్కుమన్నది, ఆమె సద్దిగిన్నె పట్టుకొని అప్పుడే గట్టు ఎక్కుతుంది, పిలువలే, నేను పడుతుంటే చూసి మొత్తుకున్నది, దాన్నే పిలుపు అని చెప్పిన.

అని మైకు పక్కకు జరిపిండు, గప్పుడే ఎవలో నల్లా కట్టేసినట్టు వాన ఆగింది, నిజంగ ఆగిందా అని చెవులకెల్లి హెడ్‌సెట్ తీసిండు, రేకుల అంచుకెల్లి బొట్లు, టప్పు, టప్పు, ముందటర్రల కత్తెర, కిర్రు కిర్రు, ఆ కిర్రుల నడుమ ఒక మొగోని గొంతు, పెద్దగ, వానకు ఇనవడదని సప్పుడు పెంచి పెట్టుకున్న ఫోన్ గొంతు, మోకు పుటుక్కుమన్నది, ఆమె సద్దిగిన్నె పట్టుకొని, దేవరాజు గోడ దిక్కు తిరిగిండు, తన గొంతు తనకు గోడ అవతలికెల్లి వస్తుంది, పిలువలే, నేను పడుతుంటే చూసి మొత్తుకున్నది, దాన్నే పిలుపు అని చెప్పిన, కత్తెర ఆగింది, ఆగి మళ్ల మొదలు గాలే, టీవీ మూలకు చూసిండు, కన్ను బొమ్మ పక్కన ఒకటి, దుబాయి గాదు, కొండపాక గాదు, లారీ గాదు, లేసి పోదామంటే చేతికర్ర మంచానికి అవతల పడ్డది, లేసినా పోయి ఏమనాలె, అనాల్సింది ఇరవై సెకన్ల కిందనే అన్నడాయె, ఆమె ఇన్నదాయె, ఇప్పుడు అరుస్తదా, మూట గట్టుకొని పోతదా, పోనీ, పోయే హక్కు ఉన్నది, గిన్నె మూత సప్పుడు, నీళ్ల సప్పుడు, కాళ్ల సప్పుడు.

శైలజ వచ్చింది, చేతుల రెండు పళ్లాలు, ఒకటి స్టూలు మీద పెట్టింది, మీద ఏం బోర్లియ్యలే, రెండోది కింద పెట్టుకొని మంచం కోడుకు ఒరిగి కూసున్నది, కండ్లు ఎర్రగున్నయి, తునికాకు దుమ్ము అనుకోవచ్చు, అనుకోకపోవచ్చు, ఉడుకుడుకన్నం, పచ్చిపులుసు, కాల్చిన మిరపకాయ, ఆయన ఏందో అనబోయిండు, ఆమె పచ్చిపులుసు గిన్నె ఆయన దిక్కు జరిపింది, ఆయన అన్నంల పోసి కలుపుకున్నడు, తిన్నరు, లైవ్ బందు వెట్టుడు మర్సిపోయిండు, మంచం మీద పడున్న మైకు ఇంకా ఇంటనే ఉన్నది, కొంతసేపటికి ముందటర్రల ఒక్కటే ఉన్న ఫోన్లకెల్లి గిన్నె జరిపిన సప్పుడు వచ్చింది, పళ్లెం మీద గాజులు తాకిన సప్పుడు వచ్చింది, ఇద్దరు అన్నం తింటున్న సప్పుడు, టీవీల కన్ను పక్కన ఇంకా ఒకటి అనే ఉన్నది, అక్కడ ఎవ్వలు లేరు, ఆ ఒకటి గీడ కూసొని మిరపకాయ కొసను తుంచి ఆయన పళ్లెంల ఏస్తుంది, రాయకుంట, పలుకకుంట, పోకుంట, గిప్పుడే గాదు, పది నెలల సంది గిట్లనే ఉన్నది, చూడనిది తనే, అని దేవరాజుకు సమజైంది, సమజై, తల దించుకొని, ఇంకో ముద్ద పెట్టుకున్నడు.