దొరసాని గుంజ

వరద నష్టం రాసుకోవడానికి సర్వే సారు వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ కోడలికి ఒకటే ఆలోచన, అత్తగారిని ఇంట్లోంచి ఎలా పంపించెయ్యాలా అని.

"అత్తయ్యా, స్కూలు దగ్గర దుప్పట్లు పంచుతున్నారట. మీరెళ్ళి తెచ్చెయ్యకూడదూ?"

"నిన్ననే పంచారు. నువ్వే తెచ్చావు. మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"పోనీ పాపని ఎత్తుకుని అలా గట్టు దాకా..."

"ఏమిటే ఇవాళ నన్ను తరుముతున్నావు? సారుతో నేనే మాట్లాడాలి. నీకు మాట్లాడటం వచ్చి ఏడిస్తేగా! అడిగినవాటికల్లా తలూపి పంపించేస్తావు."

ఇదీ వరస. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు మామూలుగా మాట్లాడుకుంటుంటేనే పక్కింటివాళ్ళు పోట్లాటనుకునేవాళ్ళు. కొడుకు లారీ డ్రైవరు. రోడ్లు తెగి ఎక్కడో చిక్కుకుపోయాడు. వరద తీశాక మొదటిసారి ఫోను కలిసినప్పుడు, "ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారటగా, ఇద్దరూ క్షేమమేనా?" అని అడిగాడు వెధవ. అడిగి, అవతల వెక్కి వెక్కి ఏడ్చాడు.

అత్తగారికి కోడలి మీద ఎంత నోరో, ఆవు మీద అంత ప్రేమ. దాని పేరు దొరసాని. పేరుకి తగ్గ టెక్కు. బకెట్టు కడక్కుండా తవుడు కలిపితే మూతి పెట్టేది కాదు. "ఇంట్లో కూతురు ఆవు, పాలేరు నేను" అని కోడలు అందరి దగ్గరా అనేది. అంటూనే బకెట్టు కడిగేది.

నీళ్ళొచ్చిన రోజు మసక చీకటి పడుతోంది. చూస్తుండగానే వాకిట్లో మోకాలి లోతు, ఇంకాసేపటికి నడుం లోతు. కోడలు పాపని భుజాన వేసుకుని మెట్టు మీద నిలబడి గొంతు చించుకుని అరుస్తోంది. అత్త కొట్టంలోకి వెళ్ళి ఎంతకీ రాదు. చివరికి తడిసి ముద్దై వచ్చి, కోడలి రెక్క పట్టుకుని లాగింది.

"విప్పేశానే, పద! అదే ఈదుకుంటూ పోతుంది. నీకంటే అదే నయం, దానికి ఈతొచ్చు."

ఆ మాటకి కోడలికి అంత భయంలోనూ ఒళ్ళు మండింది. ఇద్దరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని స్కూలు మేడ ఎక్కారు.

నీళ్ళు తీశాక ఇల్లు చూడటానికి ముందు వచ్చింది కోడలే. పాపని అత్త దగ్గర వదిలి వచ్చింది. కొట్టంలోకి అడుగు పెట్టింది. దొరసాని బురదలో పడి ఉంది. మెడకున్న పలుపు బిగుసుకుని, గుంజకి కట్టింది కట్టినట్టే ఉంది. ముడి చెక్కు చెదర్లేదు.

అయ్యో, ముసలావిడ! చీకట్లో ఇంకేదో తాడు లాగి ఉంటుంది, ఆవునే విప్పాననుకుని ఉంటుంది. ఈ సంగతి తెలిస్తే ఆవిడ బతుకుతుందా? కోడలు అక్కడే కూలబడి ఏడ్చింది. ఆవు కోసమో అత్త కోసమో తనకే తెలియదు. కొడవళ్ళూ కత్తులూ అన్నీ వరదపాలు, పలుపు కొయ్యడానికి ఏదీ లేదు. రోడ్డు మీద బురద తోస్తున్న మట్టి తవ్వే బండి డ్రైవరు కాళ్ళావేళ్ళా పడింది. అతను గుంజతో సహా పెకలించి, కొట్టం వెనకాల గొయ్యి తీసి పూడ్చిపెట్టాడు. పైన సున్నం చల్లి పోయాడు.

అత్తగారు తిరిగొచ్చేసరికి కోడలు మాట సిద్ధం చేసుకుంది. "కొట్టం ఖాళీ అత్తయ్యా. దొరసాని లేదు, గుంజ కూడా లేదు. వెనకాల పాతించింది కుళ్ళిన గింజలు."

అప్పుడొక వింత జరిగింది. అత్త గబగబా కొట్టంలోకి వెళ్ళి, గుంజ ఉన్న గుంతలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఆ చుట్టూ మట్టిని తడిమి తడిమి చూసింది. తరవాత పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి కోడలికి భయమేసింది, ఆవిడకి మతి పోతోందేమోనని. ఆ రోజు నుంచీ రోజూ సాయంత్రం అత్త బకెట్టు కడిగి, ఇంత తవుడు కలిపి, గట్టు మీద నిలబడి బకెట్టు వాయిస్తూ పిలవడం మొదలుపెట్టింది. "దొరసానీ! ఒసేయ్ దొరసానీ!" ఆ కేక విన్నప్పుడల్లా కోడలు పొయ్యి దగ్గర చెవులు మూసుకునేది. అబద్ధం చెప్పింది తను కదా, మోయాల్సింది తనే.

సర్వే సారు రానే వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద, కళ్ళ నిండా నిద్ర, చేతిలో ఫోను. పడిపోయిన గోడ ఫొటో తీసుకున్నాడు. పొలంలో మేట వేసిన ఇసుకలో కర్ర గుచ్చి కొలుచుకున్నాడు. పాపం, మంచినీళ్ళిస్తే నిలబడే తాగాడు.

"పశువులు?"

"లేవు సార్" అంది కోడలు చటుక్కున.

"లేకపోవడమేమిటే!" అత్త ముందుకొచ్చింది. "ఆవు ఉంది సారూ. తప్పిపోయింది. మీరు ఊరూరా తిరుగుతారు కదా, ఎక్కడన్నా కనిపిస్తే కబురు పెట్టండి. నుదుటి మీద తెల్ల మచ్చ, కుడి చెవికి పసుపు బిళ్ళ. పోల్చుకోవడం తేలికే. కడగని బకెట్టు పెట్టి చూడండి, మొహం తిప్పుకుంటే అదే."

సారుకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "తప్పిపోయినవి రాయడానికి లేదు పెద్దమ్మా. చనిపోయినవైతేనే..."

"చనిపోవడమేమిటి, మీ నోట్లో..." అని మింగేసింది. "అలా అనకండి బాబూ. బతికే ఉంది."

అతని చూపు కొట్టం వెనక్కి పోయింది. వానకి కరిగినా ఇంకా తెల్లగానే ఉంది సున్నం.

"అదేంటమ్మా?"

"కుళ్ళిన గింజలు సార్" అంది కోడలు.

"గింజలకి అంత గొయ్యా? సున్నం కూడానా?" అతను గొంతు తగ్గించి, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, దాచుకోవడానికి ఇందులో ఏముంది? ఊళ్ళో సగం మంది ఇలాగే తొందరపడి, చెవి బిళ్ళ తియ్యకుండానే పూడ్చేశారు. బిళ్ళ ఫొటో లేకపోతే నేను రాయలేను. తల వైపు కాస్త మట్టి తీస్తే చాలు. నేనే తీస్తాను కావాలంటే."

"వద్దు సార్. మాకేం రాయొద్దు. దండం పెడతాను, వెళ్ళిపోండి."

అతను మంచే చేద్దామనుకున్నాడు. పాపిష్టి మంచి! కోడలు తలెత్తి అత్త వైపు చూడలేకపోయింది. అత్త సున్నం దగ్గరికి నడిచి, కాలితో మట్టిని నొక్కి చూసింది.

"పార తే" అంది చివరికి.

"అత్తయ్యా, వద్దు..."

"తేవే."

కోడలు కదల్లేదు. అత్తే తెచ్చుకుంది. మట్టి ఇంకా మెత్తగానే ఉంది, పారకి తేలిగ్గా వస్తోంది. సారు చెయ్యి వేయబోతే మోచేత్తో నెట్టేసింది. కాసేపటికి పార దేనికో ఠక్కుమని తగిలింది. అత్త వంగి, చేత్తో మట్టి తుడిచింది.

గుంజ. దాని నడుముకి నీలం నైలాను పలుపు, దాని మీద ముడి.

కోడలు గొయ్యిలోకి జారి ఆవిణ్ణి వాటేసుకుంది. "మీ తప్పు కాదు అత్తయ్యా! చీకటి, నీళ్ళు. విప్పాననుకున్నారు మీరు. ఎవరికైనా పొరపడటం..."

"అనుకోవడమేమిటే, నాకు తెలీదూ?" అత్త గొంతులో తిట్టు లేదు. కణుపులు వాచిన వేళ్ళు ముందుకు చాపింది. "రాలేదే ముడి. తడిసి బిగిసిపోయింది. ఇవి వంగలేదు. పళ్ళతో కూడా లాగాను. అదేమో ఆట అనుకుని నా మొహం నాకుతోంది."

"మరి విప్పేశానన్నారే?"

"రాలేదంటే నువ్వు ఊరుకునేదానివా? పాపని నా చేతుల్లో పడేసి లోపలికి దూకేదానివి. నీ సంగతి నాకు తెలీదూ? నీకు ఈత రాదు కదే పిచ్చిదానా."

కోడలు ఆ వాచిన వేళ్ళని తన చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వేమో గుంజ కూడా లేదన్నావు చూడు." అత్త ముడి మీంచి చూపు తిప్పలేదు. "గుంతలో చెయ్యి పెట్టి చూసుకున్నాను. నిజంగానే లేదు. నేను వదిలేసి వచ్చినా నా తల్లి గుంజ పీక్కుని పోయింది, బతికిపోయింది అనుకున్నాను. అందుకే రోజూ పిలిచాను. నేను పిలుస్తుంటే ఇంత దగ్గరలోనే... ఇక్కడే ఉందా ఇది!"

అప్పుడు ఏడ్చింది అత్తగారు. గుంజని ఒళ్ళోకి లాక్కుని, ఊరంతా వినిపించేలా ఏడ్చింది.

సర్వే సారు ఫోను జేబులో పెట్టేసుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఇంట్లో పాప లేచి ఏడుస్తోంది. కోడలికి అది వినిపిస్తూనే ఉంది గానీ, అత్త పక్కనే మట్టిలో చతికిలబడి ఆ ముడి విప్పడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే తనే చెప్పలేకపోయేది. వయసులో ఉన్న వేళ్ళు, గట్టి గోళ్ళు. గోరు విరిగింది. పళ్ళతో పట్టి లాగింది. పట్టపగలు, పొడి నేల మీద, తొందర పెట్టేవాళ్ళెవరూ లేకపోయినా ఆ ముడి రాలేదు.

"ఇక వదిలెయ్యవే" అంది అత్త.