పాలపన్ను మీది పైపొర

బోథ్‌లో నవ్యశ్రీకి ఒకటే దిగులు. కూతురి పాలపళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. బోరు నీళ్లలో ఫ్లోరిన్ ఉందేమోనని ఆమె భయం. తమ్ముడు సాయిచంద్ హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో ఆ ఫ్లోరిన్ మీదే పరిశోధన చేస్తున్నాడు. ప్రోటాన్లను దాని మీదికి వదిలితే కోటికి ఎన్ని తగులుతాయో కొలుస్తాడు. ఆ లెక్క తేలితే ఏ వస్తువు పైపొరలో ఎంత ఫ్లోరిన్ ఉందో చెప్పవచ్చట. నవ్యశ్రీ కూతురికి ఊడిన పన్నొకటి అతనికి పంపి ఎదురుచూసింది. ఎనిమిది నెలలకు ఫోన్ వచ్చింది.

"అక్కా, లెక్క మస్తుగొచ్చింది! తప్పు నూటికి మూడు పాళ్లే."

"గది సరే, పిల్ల పన్ను సంగతేంది?"

"గా పన్నుల ఫ్లోరిన్ జరంత గూడ లేదక్కా."

నవ్యశ్రీకి ప్రాణం లేచొచ్చింది. ఫోన్ పెట్టకుండానే పక్కనున్న అత్త పోచవ్వకు చెప్పింది. పోచవ్వ పకపకా నవ్వింది.

"గా పన్నును నేను పేడల చుట్టి ఇంటిమీదికి ఇసిరిన. నువ్వే ఏరి పంపితివి గదనే!"

"కడిగి పంపలేదా అక్కా?" అటునుంచి సాయిచంద్ అరిచాడు.

"బోరు నీళ్లతోని కడిగితే గా ఫ్లోరిన్ అంటుతదని కడగలే."

"మా మిషన్ పైపొరనే చూస్తదే! ఇన్నొద్దులు పేడను కొలిచిన్నా? ఇంకో పన్ను పంపు, వచ్చే ఏడు చెప్త."

"అప్పటిదాక పిల్ల ఏం తాగాలెరా?"

నవ్యశ్రీ ఫోన్ పెట్టేసి, బిందె చంకనేసుకొని, ఇంటి బోరును వదిలి, రెండు వీధుల అవతలి మంచినీళ్ల నల్లా దగ్గరికి నడిచింది.