ఎక్కడికీ వెళ్లని చక్రం

నేను ఒక చక్రాన్ని. బండికి కట్టేదాన్ని కాదు, నూతి మీద గిలకనూ కాదు. ఎలుకల బోనులో వేలాడే చిన్న ఇనుప చక్రాన్ని. పుట్టినప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నాను, ఇంతవరకు ఎక్కడికీ వెళ్లలేదు.

విశాఖపట్నంలో ఒక రేకుల కొట్టులో నన్ను వంచి అతికారు. ఇరుసు కాస్త వంకరగా కుదిరింది. అందుకే తిరిగినప్పుడల్లా కిర్రుమంటాను. అక్కడి నుంచి మలేరియాకు మందు వెతికే ఒక ప్రయోగశాలకు వచ్చాను. ఎలుకలు చీకట్లోనే హుషారుగా తిరుగుతాయని ఆ గదిలో పగలే కిటికీలు మూసి రాత్రి చేసేవారు. సూర్యుణ్ణి దాచగలరు గానీ దోమను ఆపలేరు ఈ మనుషులు!

ఎలుకలకు సూదితో జ్వరం ఎక్కించి, మిగతా బోన్లకు మందు, ఒక బోనుకు మాత్రం ఉత్త నీళ్లు ఇచ్చేవారు. మందు అందనిది ఏమవుతుందో చూస్తేనే మందు గుణం తెలుస్తుందట. ఆ నీళ్ల బోను నాది.

మందు వేసే అమ్మాయి రాజులమ్మ. పాడేరు దగ్గర కొండ మీది ఊరు. చలిజ్వరంతో తమ్ముడు పోయాకే ఈ చదువు పట్టుకుంది. నా బోనులో చెవి చిరిగిన తెల్ల ఎలుక ఒకటి ఉండేది. రాజులమ్మ అడుగుల చప్పుడు వింటే చాలు, నా మీదికి ఎక్కి ఒకటే పరుగు.

బోన్లు కడిగే ముత్యాలు నవ్వేవాడు. "ఏటమ్మా, ఎలకతోటి కబుర్లేటి? రేపు దానికి బారసాల కూడా సేస్తావేటి?"

"పేరెట్టను బాబాయ్. పేరెడితే సూది గుచ్చలేను."

జ్వరం ముదిరాక ఎలుక కాళ్లు తడబడ్డాయి. నా కిర్రు సన్నగిల్లింది. రాజులమ్మ బోను దగ్గరికి వచ్చేది, వెళ్లేది, మళ్లీ వచ్చేది. చివరికి అటూ ఇటూ చూసి, గబగబా దాని నోట్లో మందు చుక్క వేసేసింది. ఎలుక లేచింది. నేను మళ్లీ కిర్రుమన్నాను. ఆ చప్పుడే ఆమెను పట్టిచ్చింది.

ప్రయోగం నడిపే వసుంధర మేడం గుమ్మంలోనే ఆగిపోయారు. "నీళ్ల బోనులో చక్రం ఎలా తిరుగుతోంది?"

రాజులమ్మ తల దించుకుంది. "చూడలేకపోయానండి."

"ఒక్కదాని మీద జాలిపడ్డావు. ఇప్పుడు ఈ ప్రయోగం చెల్లదు. మళ్లీ కొత్త ఎలుకలకు జ్వరం ఎక్కించాలి. వాటి మీద ఎవరు జాలిపడతారు? మీ ఊరి పిల్లలు ఇంకో వానాకాలం ఆగగలరా?"

ప్రయోగం అయిపోయిన ఎలుకను ఉంచుకోరు. చెవి చిరిగినదాన్ని ముత్యాలు తీసుకెళ్లాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ రోజు ఎవరితోనూ హాస్యమాడలేదు.

కొత్త ఎలుకలు వచ్చాయి. ఈసారీ నీళ్ల బోను నాదే. రాజులమ్మ ఉత్త నీళ్లే పోసింది. పోసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఒక ఉదయం పక్క బోన్లలో చక్రాలన్నీ తిరుగుతున్నాయి. నేను ఒక్కదాన్నే ఆగిపోయాను. మందు పనిచేసిందని మేడం కేక వేశారు. నేను ఆగిపోవడమే దానికి సాక్ష్యమట. అందరూ తిరిగే చక్రాల దగ్గరికి పరుగెత్తారు. రాజులమ్మ మాత్రం నా దగ్గరికి వచ్చి, వేలితో ఒక్కసారి నన్ను తిప్పింది.

ఇప్పుడు డాబా మీద పాత సామాన్ల మధ్య తుప్పు పడుతున్నాను. గాలి వేస్తే సగం చుట్టు తిరుగుతాను. ఎవరో ఎక్కారనుకుంటాను. కిర్రుమన్నాక తెలుస్తుంది, నా మీద బరువేమీ లేదని.