అవ్వ కూర్చునే మధ్య సీటు

శనివారం పొద్దున మా భవనంలో ఎప్పుడూ ఉండే చప్పుళ్లే. ఆ వారం మెట్లు ఊడ్చే వంతు మూడో అంతస్తు వాళ్లది, వాళ్ల తలుపుకి వంతు పలక వేలాడుతోంది. కింద ముంగిట్లో సోడా సీసాల క్రేట్లు గలగలమంటున్నాయి. ఆ క్రేట్లని ఎత్తి ఎర్ర కారు డిక్కీలో కుదేస్తున్నది గెర్లిండె. పెడుతున్నది అనడానికి లేదు, కుదేస్తున్నదే. మనిషి కోపంతో రగిలిపోతోంది.

గెర్లిండె ఉద్యోగం కార్లని చూసి చెప్పడం. ఫలానా కారు పిల్లలున్న ఇంటికి పనికొస్తుందా రాదా అని పదకొండేళ్లుగా ఒక మాసపత్రికలో రాస్తోంది. ఎంత జోరుగా పోతుందన్నది తర్వాతి మాట. ముందు డిక్కీలో ఎన్ని సోడా క్రేట్లు పడతాయి, చంటిపిల్లల బండి పడుతుందా, వెనక మూడు పిల్లల సీట్లు పడతాయా? ఆల్బ్ కొండల కింద ఉండే మా జనానికి ఇదే లెక్క. డిక్కీ ఇన్ని లీటర్లు అని చెబితే ఒక్కరికీ బుర్రకెక్కదు.

ఈసారి ఆమెకిచ్చింది పెట్రోలు ఎస్టేట్ కారు. పేరుకి కుటుంబం బండి, వెనక పొడుగాటి డిక్కీ కూడా ఉంది, బుద్ధి మాత్రం పందెం కారుది. నేలకి కరుచుకుని పోతుంది. చిన్న గుంతలో పడితే చాలు, వెన్నుపూసలు ఒక్కోటీ విడివిడిగా తెలుస్తాయి. కప్పు వెనక్కి వాలిపోయి ఉంటుంది కాబట్టి రెండు క్రేట్ల మీద మూడోది పెడితే డిక్కీ మూత పడదు. ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. వెనక రెండు పక్కలా పిల్లల సీట్లు బిగిస్తే మధ్య సీటు బెల్టు బకిల్ వాటి మధ్య నలిగిపోతోంది, అదీ అసలు సంగతి. టక్కుమని చప్పుడొస్తుంది, పడిందనుకుంటాం, గట్టిగా బ్రేకు వేస్తే ఊడొస్తుంది. మూడుసార్లు చూసింది, మూడుసార్లూ ఊడింది. మూడో బిడ్డ ఉన్నవాళ్లు ఈ కారు జోలికి పోవద్దని గెర్లిండె రాసి పంపింది.

అచ్చయి వచ్చిన పత్రికలో ఏముంది? ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఈ కారు పండగేనట! కింద గెర్లిండె హౌగ్ అని పేరు.

ఎంత పొగరండీ! సంపాదకుడు రుప్రెక్ట్, ఆ కారు వెనక సీటులో జన్మలో కూర్చోని మనిషి, ఆమె వాక్యాలు కోసేసి తన వాక్యాలు అతికించాడు. పత్రిక వెనక అట్ట నిండా ఏ కారు బొమ్మ మెరుస్తోందో నేను వేరే చెప్పక్కర్లేదు.

రెండో అంతస్తులో ఉండే సెంటాకి అప్పుడు ఏడో నెల. ఇంట్లో నాలుగేళ్ల కవలలున్నారు, ఇది మూడో బిడ్డ. ఆ సాయంత్రం నాలుగింటికి వెళ్లి ఆ కారుకి ఆర్డరు సంతకం పెట్టొస్తానంది. నువ్వు రాశాక ఇంక చూసేదేముంది గానీ, ఊరికే ఒకసారి కొండెక్కించి తీసుకురా అని గెర్లిండెని అడిగింది. మా జనం ఇంతే. కంటితో చూసినదాన్ని అనుమానిస్తారు గానీ అచ్చులో ఉన్నదాన్ని అనుమానించరు. గెర్లిండె ఆ క్షణంలో నోరు విప్పి ఉండొచ్చు. విప్పలేదు. ఇంకో క్రేటు ఎత్తి డిక్కీలో కుదేసింది.

కవలల సీట్లు వెనక అటూ ఇటూ బిగించారు. మధ్యలో ఎప్పట్లాగే గెర్లిండె అమ్మమ్మ వాల్బుర్గ అవ్వ ఇరుక్కుని కూర్చుంది. తొంభై ఏళ్ల మనిషి, ఎండుపుల్లంత ఉంటుంది. ఎవరైనా అబద్ధమాడితే మాత్రం అవ్వ బరువెక్కుతుంది. అందుకే మా భవనం వాళ్ల సమావేశానికి ఆమెని రాతి అరుగు మీద కూర్చోబెడతాం. నేలమాళిగలో సైకిళ్లు ఎవరు అడ్డం పెట్టారన్న గొడవ వచ్చిన ఏడాది రెండు కుర్చీలు విరిగాయి. మాంసం కొట్టతను కూడా అవ్వ లోపలికొస్తే నిన్నటి సాసేజిని నిన్నటిదనే చెబుతాడు, కొట్లో ఉన్నది చెక్కనేల కాబట్టి.

కారు ఊరు దాటి కొండ మలుపులు ఎక్కడం మొదలుపెట్టింది. ముందు సీట్లో సెంటా పత్రిక తెరిచి పైకి చదువుతోంది. మలుపుల్లో నేలని వదలదని చదివింది. అది నిజమే, కారుకేం కాలేదు. డిక్కీలో ఆరు క్రేట్లు అలవోకగా పడతాయని చదివేసరికి వెనకభాగం కిందికి దిగింది. ఎత్తుల మీద కూడా పెట్రోలు పొదుపుగా తాగుతుందని చదివింది. ఇంకాస్త దిగింది. వెనక మూడు పిల్లల సీట్లు హాయిగా పడతాయన్న వాక్యం దగ్గర కారు పొట్ట రోడ్డుని గీరుకుంది. మూడు వందల గుర్రాల ఇంజిను గొంతు చించుకుని అరుస్తోంది గానీ బండి నత్తనడక నడుస్తోంది. బుట్టలో ముల్లంగి కట్టలు పెట్టుకుని సైకిలు తొక్కుతున్న ఒక ముసలాయన గంట కొట్టి మరీ దాటిపోయాడు.

సెంటా పత్రిక మూసేసింది.

"ఇది నువ్వేగా రాసింది?"

"నేను రాయలేదు. రుప్రెక్ట్ మార్చేశాడు, దుర్మార్గుడు. నాకసలు తెలియనే తెలియదు."

కారు ఆగిపోయింది. వెనక టైర్లు అప్పడాల్లా పరుచుకున్నాయి.

"తొందరగా కానీ, పిల్లా," అంది వెనక నుంచి అవ్వ. "నడుం పట్టేస్తోంది నాకు."

గెర్లిండె స్టీరింగుని వదల్లేదు. మార్చినదాన్ని అచ్చుకి ముందే, రెండు వారాల కిందటి గురువారం తనకి పంపాడని చెప్పింది. మర్నాడు శుక్రవారం పన్నెండులోపు కాదనకపోతే ఒప్పుకున్నట్టేనని కింద రాశాడంది. తను మాత్రం అవునని అనలేదంది. అది నిజమే గానీ సగం నిజమే. కారు వెంట్రుకవాసి కూడా లేవలేదు.

"కాదని అన్నావా మరి?"

"లేదు," అంది గెర్లిండె. "పన్నెండయ్యేదాకా గడియారం చూస్తూ కూర్చున్నాను. సెప్టెంబరులో నా ఒప్పందం మళ్లీ రాయాలి. భయపడ్డాను సెంటా. ఆ బకిల్ ఊడిపోతుంది. నాకు తెలుసు."

స్ప్రింగులు మెల్లగా మూలిగాయి. కారు లేచి ఎప్పటి ఎత్తుకి వచ్చి నిలబడింది.

సెంటా పత్రికని కాళ్ల దగ్గర పడేసింది. "ఆ శుక్రవారం సాయంత్రం మెట్ల మీద కనబడ్డావు," అంది. "ఊయల చూపించాను నీకు. బాగుంది అన్నావు."  ఇల్లు చేరాక, నాలుగింటికి సంతకం పెట్టడానికి ఆమె వెళ్లలేదు.

అన్నాళ్లూ రుప్రెక్ట్ మీద మండిపడ్డ గెర్లిండెకి ఆ రోజు తన మీద తనకే మంటెత్తింది. తను మొదట రాసినదంతా చేత్తో మళ్లీ రాసి, కింద సంతకం పెట్టి, మెట్ల మొదట్లో గోడకి అతికించింది. దాని నకలు పత్రికకీ పంపింది. అక్కణ్ణుంచి మూడు వాక్యాల ఉత్తరం వచ్చింది, ఇక రాయనక్కర్లేదని. అంతకన్నా ఆమెని కోసింది సెంటా మౌనం. మూడు వారాలు ఎదురుపడ్డా పలకరింపు లేదు. మా వైపు మెట్ల మీద పలకరించకపోవడమంటే మొహం మీద తలుపు వెయ్యడమే.

ఆగస్టులో ఒక శనివారం ముంగిట్లోకి పెట్టెలాంటి పాత వ్యాను వచ్చి ఆగింది. మంచం పట్టేంత డిక్కీ, జోరు మాత్రం సున్నా. సెంటా దిగి, పైన కిటికీలో ఉన్న గెర్లిండెని చూసి, అవ్వని తీసుకురమ్మంది. గెర్లిండె పరుగున దిగింది. ఇద్దరూ ఎనిమిది క్రేట్లు ఎక్కించారు, కవలల సీట్లు బిగించారు, మధ్యలో అవ్వని కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. గెర్లిండె వ్యానుని వీధిలో ముందుకి ఉరికించి గట్టిగా బ్రేకు వేసింది. మళ్లీ వేసింది. మూడోసారీ వేసి, వెనక్కి తీసుకొచ్చి ఆపి దిగింది.

"పట్టింది. ఊడదు," అంది.

వ్యాను వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు. సెంటా పొట్ట మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"సరే. నీ మీద నాకిప్పుడు కోపమేం లేదు," అంది.

వ్యాను వెనకభాగం రెండు వేళ్ల మందాన దిగింది. క్రేట్లలో సీసాలు గలగలమన్నాయి. అవ్వ ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తోంది. గెర్లిండె వెనక టైరుని చూసి తల దించుకుంది.

"కొంచెం ఉంది," అంది సెంటా.

వ్యాను లేచింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మొదటి క్రేటు కిందికి దింపారు.