గోడ మీది చొక్కా ముక్క

తలుపు తీయగానే కొత్త చెక్క వాసన కొట్టింది. ఓరిన్ ఒక చేతిలో తుపాకీ సంచి, ఇంకో చంకలో దుప్పట్ల మూట పట్టుకుని గడప మీదే ఆగిపోయాడు.

ఆ వేట క్యాంపుకి ఎప్పుడూ ఆ వాసన లేదు. కట్టెల పొగ, తడిసిన ఉన్ని, తుపాకీ నూనె, ఉల్లిపాయలు, ఎలుకలు. దాని వాసన అది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, నలభై ఒక్క ఏళ్ళుగా ఆ వాసనలోకే అడుగు పెడుతున్నాడు. మొదటి ఏడాది తప్ప ప్రతిసారీ పక్కన భార్య ఆర్డిస్ ఉండేది. ఈసారి బండిలో ఆమె సీటు మీద ఊరగాయ సీసాల పెట్టె కూర్చుని వచ్చింది.

"రా బావా, రా. బూట్లు దులుపుకుని రా, నేల కూడా తుడిచాం," అన్నాడు డ్వైట్ పొయ్యి దగ్గర నుంచి. ఆర్డిస్ తమ్ముడు. యాభై ఎనిమిదేళ్ళవాడు. కండలు ఇంకా సడలలేదు. "ఎలా ఉంది? నేనూ అమ్మాయీ రెండు వారాంతాలు చచ్చీ చెడీ చేశాం."

ఓరిన్ గోడ వైపు చూశాడు. పొయ్యికి ఎదురుగా ఉన్న పెద్ద గోడ. దానికి ఇప్పుడు కొత్త దేవదారు పలకలు బిగించి ఉన్నాయి, నున్నగా, పచ్చగా, ఆసుపత్రి గదిలా.

"ముక్కలేవి?" అన్నాడు.

"ఏ ముక్కలు?"

ఓరిన్ గోడ వైపు వేలు చూపించాడు.

"ఓ, అవా." డ్వైట్ గరిటె ఆపాడు. "ఎలుకలు పిల్లల్ని పెట్టాయి బావా వాటి వెనకాల. ముట్టుకుంటే పొడి పొడి అయిపోతున్నాయి. బయట పీపాలో వేసి కాల్చేశాం. అన్నీ. మా నాన్నవి మూడు, నావి నాలుగు, అన్నీ."

ఆ క్యాంపులో ఒక నియమం ఉంది. దుప్పి మీద తుపాకీ పేల్చి గురి తప్పినవాడు సాయంత్రం అందరి ముందూ వెనక్కి తిరిగి నిలబడాలి. చొక్కా వెనక అంచు కత్తిరించి గోడకి మేకు కొడతారు. దాని మీద మూడు రాస్తారు. పేరు, తేదీ, చేజారింది ఏమిటో. సాకులు చెప్పకూడదు. గాలి వీచిందని, పొద వచ్చిందని, చలికి వేలు కదల్లేదని అనకూడదు. తిరిగి నిలబడటమే. క్యాంపు కట్టిన మామగారి నుంచి పోయినేటి దాకా అరవై పైచిలుకు ముక్కలు ఆ గోడ మీద ఉండేవి.

అందులో ఒకటి ఆర్డిస్‌ది. ఎరుపు నలుపు గళ్ళ ఉన్ని. ఆమె వేటాడిన అన్నేళ్ళలో ఒక్కటే. ముప్పై అడుగుల దూరంలో ఆరు కొనల కొమ్ముల దుప్పి నిలబడితే నింగికి కొట్టింది. ఓరిన్ కత్తిరిస్తుంటే పడీ పడీ నవ్వింది. "వంకరగా కోస్తే ఊరుకోను, ఆ చొక్కా కుట్టింది నేను," అంది. ఆ ముక్క మీద తనే రాసుకుంది. చివరన 'చాలా అందమైనది' అని కలిపింది. నియమం ప్రకారం అది కూడదు. ఎవరూ కొట్టేయలేదు.

ఓరిన్ ముక్క ఆ గోడ మీద ఒక్కటీ లేదు. అందుకే కత్తెర ఆయన చేతికి ఇచ్చారు. గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర. అది మాత్రం తలుపు పక్కన దాని మేకుకే వేలాడుతోంది.

"నన్నొక మాట అడగాల్సింది," అన్నాడు.

"నీకెందుకు ఇబ్బంది అని. ఈ ఏడు నువ్వు పడింది చాలదా?"

ఓరిన్ గోడ దగ్గరికి నడిచాడు. సరిగ్గా ఆర్డిస్ ముక్క ఉండే చోట, కిటికీకి ఎడమ పక్కన, వార్నిష్ చెక్క మీద టర్కీ కోడిపుంజు తోక విసనకర్రలా విప్పి బిగించి ఉంది. కింద ఇత్తడి రేకు. దాని మీద డ్వైట్ అక్షరాలు చెక్కించాడు. మే 9. ఇరవై రెండు పౌన్లు. రొమ్ము మీది ఈకల గడ్డం పదిన్నర అంగుళాలు. ఆరింటికి పలికింది, పదకొండూ నలభైకి పడింది.

మే తొమ్మిది పదకొండింటికి ఆర్డిస్ పోయింది.

"అదేనా?" అన్నాడు ఓరిన్.

"అదే బావా. మూడేళ్ళు తిప్పించింది నన్ను." డ్వైట్ గొంతు తగ్గింది. "అక్క కబురు అందేసరికి... నీకు తెలుసుగా. అడవిలో ఉన్నాను."

ఓరిన్ దుప్పట్ల మూట తీసుకెళ్ళి తన మంచం మీద పడేశాడు. దాని పై అంతస్తు మంచం ఆర్డిస్‌ది. దాని మీద ఎవరిదో కొత్త సంచి ఉంటే తీసి నేల మీద పెట్టాడు.

క్లీట్ మూడింటికి వచ్చాడు, పంది మాంసం వేసి వండిన పులిసిన క్యాబేజీ గిన్నె చేతుల్లో పట్టుకుని. ఓరిన్‌తో కలిసి బడికెళ్ళినవాడు, డెబ్బై నిండినవాడు. లోపలికి తొంగి చూసి, "ఇదేంట్రా, పెళ్ళి హాలు చేశారు?" అన్నాడు. ఆ తర్వాత ఓరిన్ మొహం చూసి నవ్వు మింగేశాడు.

కట్టెలు కొట్టడానికి ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. కాల్చిన పీపా అక్కడే ఉంది. ఓరిన్ వంగి చూశాడు. బూడిద, మేకులు. అరవై పైచిలుకు మేకులు.

"క్లీటూ, మే నెలలో నేను నిన్ను డ్వైట్ దగ్గరికి పంపింది గురువారం."

"ఊఁ."

"ఇక్కడికి రెండు గంటల దారి. సెల్ సిగ్నల్ లేదని నిన్ను పంపాను. నువ్వు మర్నాడు, అంతా అయిపోయాక వచ్చి, చెప్పానురా అన్నావు. ఎప్పుడు చెప్పావో నేనడగలేదు."

క్లీట్ గొడ్డలి దుంగలో దింపి దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఎప్పుడు చెప్పావు?"

"గురువారమే."

"ఏ వేళకి?"

"అన్నం తింటున్నాడు. సాయంత్రం ఆరో, ఆరున్నరో. తెల్లారగట్ల బయల్దేరతానన్నాడు." క్లీట్ ముక్కు తుడుచుకున్నాడు. "చెబితే ఏమొస్తుంది ఓరిన్? ఆవిడ పోయింది. మీరిద్దరూ కొట్టుకుంటే ఈ క్యాంపు పోతుంది. నేను ఈ వయసులో ఎక్కడికి పోయి వేటాడను?"

"అదా నీ బాధ."

"అదొక్కటే కాదు."

"అదే," అన్నాడు ఓరిన్. గొడ్డలి లాక్కుని మిగతా కట్టెలు తనే కొట్టాడు.

ఆ రోజు భోజనాల దగ్గర డ్వైట్ కూతురు టెస్సా ఒక్కర్తే మాట్లాడింది. స్కూలు బస్సు నడుపుతుంది. ముప్పై పిల్లల అరుపుల మీదుగా మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైంది.

"మామయ్యా, రేపు నీ చొక్కాకి కూడా మోక్షం వస్తుందేమో. కొత్త గోడకి బోణీ నీతోనే."

"చూద్దాం," అన్నాడు ఓరిన్.

"అత్త మంచె ఎక్కుతావా?"

"ఎక్కుతా."

తెల్లవారుతుండగా ఆర్డిస్ మంచె మీద కూర్చున్నాడు. పెద్ద ఓక్ చెట్టు కొమ్మల మధ్య నాలుగు పలకలు, ఒక తడిక. ఆమె కూర్చునే దిండు గడ్డకట్టి రాయిలా ఉంది. కింద వాగు అంచున మంచు పేరుకుంది. తుపాకీలో తూటా పెట్టలేదు. మరిచిపోలేదు. పెట్టలేదంతే.

మే నెలలో ఆ చివరి మూడు రోజులు ఆర్డిస్ మంచం కిటికీ పక్కకి జరిపించుకుంది. రోడ్డు కనబడాలని. బండి చప్పుడైతే చాలు, కళ్ళు తెరిచేది. "డ్వైట్ బండేనా?" కాదు, పాల లారీ. "డ్వైట్ బండేనా?" కాదు, ఉత్తరాలవాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు డ్వైట్‌కి ఆరేళ్ళు, ఆర్డిస్‌కి పద్నాలుగు. వాడికి అన్నం పెట్టింది, ముక్కు తుడిచింది, లెక్కలు చెప్పింది, ఇదే వాగు పక్కన మొదటి తుపాకీ పట్టించింది. శుక్రవారం పొద్దున కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. ఓరిన్ చెవి ఆనించి విన్నాడు. అదే ప్రశ్న.

డ్వైట్ ఆ సాయంత్రం వచ్చాడు. బండి వెనక మంచుపెట్టెలో పుంజు ఉంది. వరండాలో మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఇప్పుడే తెలిసింది బావా, ఇప్పుడే తెలిసింది అన్నాడు. ఓరిన్ వాణ్ణి లేపి కౌగలించుకున్నాడు. వాడి వీపు నిమిరాడు. ఇప్పుడు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

ఎనిమిదిన్నరకి ఒక ఆడ దుప్పి వచ్చి, మంచె వైపు చూసి, వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి కొండ అవతల తుపాకీ పేలింది. ఒక్కటే చప్పుడు. రెండోది లేదు. ఒక్కటే వినబడిందంటే దుప్పి పడినట్టే. డ్వైట్ ఉన్న వైపు.

పన్నెండింటికి అందరూ క్యాంపు ముందు చేరారు. దూలానికి దుప్పి వేలాడుతోంది. ఎనిమిది కొనలు. డ్వైట్ చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. నారింజ రంగు కోటు తీసి కంచె మీద వేశాడు. లోపల ఎరుపు నలుపు గళ్ళ ఉన్ని చొక్కా. ఆర్డిస్ క్యాంపులో ప్రతి ఒక్కరికీ కుట్టి ఇచ్చినవాటిలో ఒకటి. డ్వైట్‌కి అది కలిసొచ్చే చొక్కా. సీజన్ మొదటి రోజు వేరేది వేసుకోడు.

"నూట ఇరవై గజాలు బావా," అన్నాడు. "ఒకటే దెబ్బ."

టెస్సా లోపల కాలేయం ఉల్లిపాయలతో వేయిస్తోంది. ఓరిన్ లోపలికి వెళ్ళి, మేకు నుంచి కత్తెర తీసుకుని బయటికి వచ్చాడు.

"ఎవరికి?" అన్నాడు డ్వైట్ నవ్వుతూ. "క్లీటన్నా, నువ్వా? చప్పుడే వినలేదే."

"తిరుగు," అన్నాడు ఓరిన్.

"నేనా? నాది అదిగో వేలాడుతోంది కళ్ళ ముందు."

"ఇవాళ్టిది కాదు. మే నెలది."

డ్వైట్ నవ్వు కొంచెంసేపు మొహం మీదే ఉండిపోయింది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు. క్లీట్ వైపు చూశాడు. క్లీట్ నేల చూశాడు.

"చెప్పావా," అన్నాడు డ్వైట్.

"అడిగాడు."

"బావా, విను. తెల్లారగట్లే లేచాను. బండి తాళాలు చేతిలో ఉన్నాయి. బూట్లు కట్టుకుంటుంటే ఆ పుంజు పలికింది. వాగు అవతలే. అరగంట అనుకున్నాను. నా తల్లి మీద ఒట్టు, అరగంటే. పెట్టలా కూసి పిలిస్తే బదులిచ్చింది. బదులిచ్చాక లేవలేం. నీకు తెలుసు. నీకు తెలియదా?"

ఓరిన్‌కి తెలుసు. పుంజు ఒకసారి బదులిచ్చాక చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నవాడికి కాళ్ళు తిమ్మిరెక్కినా, ఒంటేలు వచ్చినా, ఇల్లు తగలబడుతున్నా లేవబుద్ధి కాదు. అది తెలుసు కాబట్టే కత్తెర దించలేదు. తెలియనివాడైతే క్షమించేవాడేమో.

"సాకులు చెప్పకూడదు," అన్నాడు. "తిరుగు."

"ఆవిడ నా అక్క."

"నీ బండేనా అని అడిగింది. పాల లారీ వస్తే అడిగింది. చివరి మాట అదే. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు, బాధపడతావని."

పొయ్యి దగ్గర చప్పుడు ఆగింది. టెస్సా గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గరిటె.

"నువ్వు గురువారమే విన్నావా నాన్నా?"

డ్వైట్ దుప్పి వైపు చూశాడు.

"నాకూ అదే కథ చెప్పావుగా. ఆ రేకు మీద అక్షరాలు నా చేత చెక్కించావు." ఆమె గొంతు ఈసారి పెద్దగా లేదు. "తిరుగు నాన్నా."

వాడు తిరిగాడు. ఓరిన్ చొక్కా వెనక అంచు పట్టుకున్నాడు. అంచు మీద రెండు వరసల కుట్టు. ఒక వరస చాలదా అని తను ఏటేటా గొణిగిన కుట్టు. కత్తెర చల్లగా ఉంది. వంకర పోకుండా, తొందరపడకుండా కోశాడు. కోస్తున్నంతసేపూ డ్వైట్ వీపు వణుకుతూనే ఉంది. ఈసారి ఓరిన్ ఆ వీపు మీద చెయ్యి వేయలేదు.

లోపలికి వెళ్ళి టర్కీ తోకని చెక్కతో సహా పీకి పొయ్యిలో పెట్టాడు. ఈకలు భగ్గున అంటుకుని కంపు కొట్టాయి. క్లీట్ దగ్గాడు. ఎవరూ వద్దనలేదు.

బల్ల మీద నల్ల రంగు కలం దొరికింది. ముక్కని పరిచి రాశాడు. పేరు: డ్వైట్ హెక్‌మన్. తేదీ: మే 9. చేజారింది: అక్క.

కిటికీకి ఎడమ పక్కన మేకు కొట్టాడు. కొత్త చెక్క, ఒక్క దెబ్బకే దిగింది. గళ్ళ ఉన్ని, రెండు వరసల కుట్టు. ఆర్డిస్ చేతి బట్ట మళ్ళీ ఆ చోటనే ఉంది. రాత మాత్రం ఆమెది కాదు.

"ఎన్నాళ్ళు ఉంచుతావు దాన్ని?" అన్నాడు డ్వైట్ గుమ్మంలోంచి. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఆ గోడ మీంచి ఏదైనా తీయడం నాకు అలవాటు లేదు. అది నీ పని."

"నేను వెళ్ళిపోనా?"

"అది నీ ఇష్టం. అప్పుడు కూడా నిన్నెవరూ ఆపలేదు."

డ్వైట్ కోటు తీసుకుని దుప్పి వేలాడే దూలం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. టెస్సా కాసేపు గోడ చూసి, పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్ళి, మూడు కంచాల్లో కాలేయం వడ్డించింది. నాలుగోది మూత పెట్టి పక్కన ఉంచింది.

ఓరిన్ కూర్చుని ఊరగాయ సీసా మూత తిప్పాడు. ఆర్డిస్ పోయినేడు పెట్టింది. క్లీట్‌కి వడ్డించలేదు. సీసా మాత్రం అతని చేతికి అందేంత దూరంలో పెట్టి, కాలేయం వేడిగా ఉండగానే తినడం మొదలుపెట్టాడు.